‘అబ్రప్ట్’లో విరిగిందేమిటి?

అబ్రప్ట్ అంటే హఠాత్తుగా, ఉన్నట్టుండి అని బళ్ళో చెప్పారు. జేబు డిక్షనరీలోనూ అదే ఉంటుంది. రోజువారీ వాడకానికి అది చాలు. సినిమా అబ్రప్ట్‌గా అయిపోయిందన్నా, మీటింగ్ అబ్రప్ట్‌గా ఆపేశారన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఒక్క అర్థమే పట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల్లోకి ఇంకాస్త లోపలికి వెళ్తేనే చిక్కు. కాన్పుల డాక్టర్లు ‘క్రానిక్ అబ్రప్షన్’ అని రాస్తారు. క్రానిక్ అంటే నెమ్మదిగా, చాలాకాలం సాగేది. హఠాత్తుగా జరిగేది నెమ్మదిగా ఎలా సాగుతుంది? నేలల శాస్త్రంలో ‘అబ్రప్ట్ బౌండరీ’ ఉంది. దాన్ని సెంటీమీటర్లలో కొలుస్తారు, సెకన్ల ప్రసక్తే లేదు. పాత వృక్షశాస్త్ర గ్రంథాలు చింతాకును వర్ణించడానికి కూడా ఇదే మాట వాడాయి. చింతచెట్టు కింద హఠాత్తుగా ఏం జరిగిందని?

ఈ మూడు చోట్లా మాటను సరిగ్గానే వాడారు. మనకు నేర్పిన అర్థమే తర్వాత వచ్చి చేరింది. అసలు అర్థంలో కాలం ఊసు లేదు.

లాటిన్‌లో ‘రుంపెరె’ అంటే విరగ్గొట్టడం, తెంపడం, బద్దలు చెయ్యడం. ‘అబ్’ అంటే ఒకదాని నుంచి, అవతలికి. రెండూ కలిస్తే ‘అబ్రుంపెరె’, అంటే ఒకదాన్నుంచి తెంచెయ్యడం. అలా తెగిపోయినది ‘అబ్రుప్తుస్’. ఇంగ్లీషు అబ్రప్ట్ ఇదే, చివర తోక తీసేసి తెచ్చుకున్నారు.

రోమన్లు ఈ మాటను ముందుగా చూసింది కొండల్లో. ఏటవాలుగా దిగాల్సిన కొండ ఒకచోట తెగిపోయినట్టు నిలువుగా ఉంటే అది అబ్రుప్తుస్. ఆ నిలువు కింద ఉన్న లోయ, అగాధం కూడా అదే. వర్జిల్ తన కావ్యంలో కరిబ్డిస్ అనే సముద్రపు సుడిని వర్ణిస్తూ, అది అలల్ని ‘అబ్రుప్తుమ్’లోకి పీల్చుకుంటుందంటాడు. అంటే అడుగులేని గోతిలోకి. చరిత్రకారుడు టాసిటస్ క్రీస్తుశకం మొదటి శతాబ్దం చివర్లో తన మామ అగ్రికోలా జీవితం రాస్తూ, చక్రవర్తులకు ఎదురెళ్ళి పేరుకోసం ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ‘పెర్ అబ్రుప్త’ వెళ్ళారంటాడు. నిలువు కొండల దారిన వెళ్ళారని. దేశానికి దానివల్ల ఒరిగిందేమీ లేదని కూడా అక్కడే ఒక చురక వేస్తాడు.

కొండ నుంచి మాటతీరుకు కూడా రోమన్లే తెచ్చారు. వక్తృత్వం నేర్పిన క్వింటిలియన్, సాలస్ట్ అనే చరిత్రకారుడి పొడిపొడి వాక్యాలను ‘అబ్రుప్తుమ్’ రకం అన్నాడు. కోర్టులో న్యాయవాది అలా మాట్లాడకూడదని ఆయన సలహా. తీరిగ్గా చదువుకునేవాడికి ఫరవాలేదు గానీ, వినేవాడికి పక్కనుంచి ఎగిరిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. అంటే నిలువు కొండ, అగాధం, వాక్యానికీ వాక్యానికీ మధ్య తెగిన దారం అన్నీ లాటిన్‌లోనే తయారుగా ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

మన లోపం, వాళ్ళ రప్చర్

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. రుంపెరెలో ఒక మకారం ఉంది. రుప్తుస్‌లో లేదు. క్రియ వర్తమానంలో నడుస్తున్నప్పుడు మకారం వస్తుంది, పని అయిపోయాక పోతుంది. విచిత్రమైన అలవాటు. సంస్కృతంలో అచ్చం ఇదే అలవాటున్న ధాతువు ఒకటి మనకు బాగా తెలుసు: లుప్. వర్తమానంలో ‘లుంపతి’, అయిపోయాక ‘లుప్తః’. రుంపెరె పక్కన లుంపతి, రుప్తుస్ పక్కన లుప్తః పెట్టి చూస్తే మిగిలిన తేడా రకార లకారాలదే. ఆ రెండూ సంస్కృతంలో ఒకదాని చోటికి ఒకటి రావడం మామూలే.

ఇది కాకతాళీయం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో అన్న తర్వాత, భాషాశాస్త్రజ్ఞులు ఇలాంటి జతలు వందల్లో పోగుచేశారు. మాట ఒక్కటే కలిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మాటతోపాటు దాని వ్యాకరణపు అలవాటు కూడా కలిస్తే చుట్టరికం అనక తప్పదు.

కాబట్టి లోపం, లుప్తం, విలుప్తం అన్నీ అబ్రప్ట్‌కి దాయాదులే. ‘అబ్’కి కూడా సంస్కృతంలో తోబుట్టువు ఉంది, అపహరణ, అపసవ్యం వంటి మాటల్లోని ‘అప’. ముక్కకు ముక్క పెట్టి చూస్తే అబ్రప్ట్‌కి సరిజోడు ‘అపలుప్తం’ అవుతుంది. నిఘంటువులో వెతక్కండి, సరదాకి చెబుతున్నాను.

సంస్కృతంలో ఈ ధాతువు వ్యాకరణంలోకి దూరి అక్కడే స్థిరపడింది. పాణిని ‘అదర్శనం లోపః’ అన్నాడు. ఉండాల్సింది కనబడకపోవడమే లోపం. సంధి చేసినప్పుడు ఒక అచ్చు ఎగిరిపోతే దానికి లోపమని పేరు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగింటిలో ఏదో ఒకటి చెప్పకుండా వదిలేస్తే లుప్తోపమ అని తొమ్మిదో పదో తరగతిలో చదువుకున్నాం. రోమన్లు అదే వేరును పట్టుకుని కొండలెక్కారు, మనవాళ్ళు వ్యాకరణం రాసుకున్నారు. తెలుగులోకి వచ్చేసరికి లోపం అంటే కేవలం తక్కువతనం అయింది. విటమిన్ లోపం, సేవా లోపం. విరుపు వాసన పూర్తిగా పోయింది.

ఇంగ్లీషులో మాత్రం రుంపెరె సంతానం ఊరంతా ఉంది. చీలినా పగిలినా రప్చర్. మధ్యలో తెంపితే ఇంటరప్ట్. బయటికి బద్దలైతే ఎరప్ట్, అగ్నిపర్వతం చేసే పని. కరప్ట్, డిస్రప్ట్ సంగతి రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. బ్యాంక్‌రప్ట్ ఇటాలియన్ ‘బాంకా రొత్తా’ నుంచి వచ్చింది, విరిగిన బల్ల అని అర్థం. వడ్డీవ్యాపారి చేతులెత్తేస్తే అతను కూర్చునే బల్లను నిజంగానే విరగ్గొట్టేవారని ఒక కథ చెబుతారు. కథ బాగుంది, నిజమో కాదో పట్టించుకోకుండా చెప్పుకునేంత బాగుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది రూట్. అడవినో కొండనో బద్దలు కొట్టి వేసిన దారిని లాటిన్‌లో ‘వియా రుప్త’ అనేవారు. అందులో రుప్త ఫ్రెంచ్ మీదుగా రూట్ అయింది. ఆ రూట్‌లో రోజూ తిరిగితే రొటీన్. అంటే తెంపును సూచించే అబ్రప్ట్, తెంపే లేకుండా సాగే రొటీన్ ఒకే కడుపున పుట్టాయి. ‘రొటీన్ స్టోరీ, అబ్రప్ట్ క్లైమాక్స్’ అని సినిమాను తిట్టేవాళ్ళు తెలియకుండానే అన్నదమ్ములిద్దర్నీ ఒకే వాక్యంలో కూర్చోబెడుతున్నారు.

లూటీ సంగతి కూడా చెప్పాలి. లుప్ ధాతువుకు దోచుకోవడం అనే అర్థం కూడా ఉంది. సంస్కృతంలో ‘లోప్త్రం’ అంటే దొంగసొత్తు. హిందీ లూట్‌కి మూలం అదేనని పేరున్న ఇంగ్లీషు నిఘంటువులు రాస్తాయి. అదే నిజమైతే కంపెనీ వాళ్ళ కాలంలో ఇక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన లూట్ అక్కడ తన దూరపు చుట్టాలైన రప్చర్, రాబ్‌ల పక్కనే చేరినట్టు. రూపాయిని మాత్రం ఈ జాబితాలో కలపకండి. ‘రుప్’ అని వినిపించినా అది ‘రూప్యం’ నుంచి వచ్చింది, ఆ రూపం వేరు.

ఇంగ్లీషులో ఏం జరిగింది

ఇంగ్లీషులోకి అబ్రప్ట్ వచ్చింది 16వ శతాబ్దం చివర్లో. లాటిన్ చదువుకున్నవాళ్ళు లాటిన్ మాటల్ని బస్తాలతో దించుకుంటున్న రోజులవి. షేక్స్‌పియర్ తొలినాటి నాటకం ఆరో హెన్రీ మొదటి భాగంలో, టాల్బట్ అనే సేనాని ఒక కౌంటెస్ కోటకు వచ్చి, వెంటనే వెళ్ళిపోబోతాడు. ‘మీ అబ్రప్ట్ నిష్క్రమణకు కారణమేమిటని మా దొరసాని అడుగుతోంది’ అని సేవకుడు ఆపుతాడు. అక్కడ మనకు తెలిసిన అర్థం అప్పుడే కనిపిస్తోంది. అయితే వెళ్ళిపోవడం వేగంగా జరిగిందన్నది అక్కడ ఫిర్యాదు కాదు. సంభాషణ పూర్తవకుండా, మర్యాదకు సెలవు తీసుకోకుండా మధ్యలో తెంచుకుని వెళ్ళాడన్నది ఫిర్యాదు. ట్రాయిలస్, క్రెసిడాల నాటకంలో ఇది ఇంకా స్పష్టం. క్రెసిడా వాక్యం మొదలుపెట్టి సిగ్గుతో సగంలో ఆపేస్తే, ‘ఏమిటీ ముద్దొచ్చే అబ్రప్షన్?’ అంటాడు ట్రాయిలస్. మాట సగంలో విరిగింది, అంతే.

మిల్టన్ అనే ఇంగ్లీషు కవి 1667లో అచ్చైన తన మహాకావ్యం ‘పారడైజ్ లాస్ట్’ రెండో సర్గలో దీన్ని నామవాచకంగా వాడాడు. నరకం నుంచి కొత్త లోకానికి ఎవరు ఎగిరి వెళ్తారన్న చర్చలో, అలుపెరగని రెక్కలతో ‘ఆ విశాలమైన అబ్రప్ట్’ మీదుగా దాటగలవాడెవరని సైతాను కుడిభుజం బీల్జెబబ్ అడుగుతాడు. విశాలమైన హఠాత్తు అంటే అర్థం ఉండదు. వర్జిల్ చదివినవాడికే అది తెగిపోయిన చోటు, అంతులేని శూన్యం అని తెలుస్తుంది. మిల్టన్ పాఠకులు వర్జిల్‌ను చదివినవాళ్ళే.

1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు చూస్తే మాట ఏ వరసలో నడిచిందో తెలుస్తుంది. ఆయన ఇచ్చిన మొదటి అర్థం విరిగినది, రాళ్ళతో ఎగుడుదిగుడుగా ఉన్నది. సడన్ అనే అర్థం మూడోది. దానికీ ఆయన ఒక షరతు తగిలించాడు: అలవాటైన, ఉండాల్సిన ముందస్తు ఏర్పాట్లు లేకుండా జరిగేది. నాలుగోది పొంతన లేని రాత. దానికి ఉదాహరణగా షేక్స్‌పియర్ కాలపు నాటకకర్త బెన్ జాన్సన్ మాట తెచ్చాడు. అబ్రప్ట్ శైలిలో చాలా బీటలుంటాయి, అది ముగిసినట్టుండదు, పడిపోయినట్టుంటుంది అని. శైలి గురించి ఇంత చక్కగా చెప్పిన వాక్యాలు తక్కువ. కొండ అంచు నుంచి కాలు జారినట్టు వాక్యం పడిపోవడం.

రెండున్నర శతాబ్దాల్లో ఈ వరస తిరగబడింది. ఇప్పుడు డిక్షనరీల్లో హఠాత్తు ముందుకొచ్చింది, కొండ కిందికి దిగింది. మామూలు వాడకంలో ఏది ఎక్కువో అది పైకి రావడం సహజం. కానీ పాత అర్థం ఎక్కడికీ పోలేదు, కొత్త అర్థం లోపలే కూర్చుంది.

సడన్ వేరు

దీన్ని సడన్ పక్కన పెడితే విషయం విడిపోతుంది. సడన్ తెలుగువాళ్ళకు అబ్రప్ట్ కంటే బాగా దగ్గరిది. సడన్ బ్రేక్, సడన్‌గా వచ్చారేంటి, సడన్ ప్లాన్ అన్నీ ఇంట్లో మాటలైపోయాయి. ఇదీ లాటిన్ మాటే, ఫ్రెంచ్ మీదుగా అబ్రప్ట్ కంటే చాలా ముందే ఇంగ్లీషుకు చేరింది. మూలం ‘సుబిరె’. ‘సుబ్’ అంటే కింద, కిందినుంచి. ‘ఇరె’ అంటే వెళ్ళడం. కిందినుంచి, చాటుగా దగ్గరికి వచ్చినది ‘సుబితుస్’. ఇదీ మనకు చుట్టమే. సుబ్‌కు సంస్కృతంలో జోడు ‘ఉప’, ఇరెకు జోడు ఉత్తరాయణంలోని అయనానికి మూలమైన ‘ఇ’ ధాతువు. సుబితుస్‌ను అచ్చుగుద్దినట్టు సంస్కృతంలో పెడితే ఉప+ఇతం, ఉపేతం. సద్గుణోపేతుడులో ఉన్నది. ఉపాయం కూడా ఆ రెండు ముక్కలతో కట్టిందే.

కాబట్టి సడన్‌లో ఉన్న బొమ్మ పిల్లిలా వెనకనుంచి రావడం. చూసేవాడికి తెలియకుండా వచ్చింది, అదీ దాని బాధ. అబ్రప్ట్‌లో ఉన్న బొమ్మ విరిగిన అంచు. చూసేవాడు ఎదురుచూస్తున్నాడా లేదా అన్నది దానికి అనవసరం. సడన్ మన గురించి చెబుతుంది, అబ్రప్ట్ ఆ వస్తువు ఆకారం గురించి చెబుతుంది. ఇంత కచ్చితంగా గీత గీస్తే ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు నవ్వొచ్చు, వాళ్ళు రోజూ రెండిట్నీ కలిపేస్తారు కాబట్టి. అయినా వాడకంలో గీత కనిపిస్తూనే ఉంటుంది. వాన సడన్‌గా మొదలవుతుంది. అబ్రప్ట్ వాన అని ఎవరూ అనరు. కురుస్తున్న వాన టక్కున ఆగిపోతే మాత్రం అబ్రప్ట్‌గా ఆగిందంటారు. అబ్రప్ట్ పక్కన తరచుగా కనిపించే మాటలు ముగింపు, ఆగిపోవడం, వెళ్ళిపోవడం, మలుపు. అన్నిటిలోనూ అప్పటిదాకా సాగుతున్నదేదో ఉంది, అది తెగింది. సాగుతున్నది లేకపోతే తెగడం ఉండదు.

వైద్యంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా తేడా తెలుస్తూనే ఉంటుంది. లక్షణాలు మొదలైన గంటలోపు గుండె కారణంగా ప్రాణం పోతే సడన్ కార్డియాక్ డెత్ అంటారు. ఎవరూ ఊహించనిది కాబట్టి సడన్. అదే మందుల దగ్గరికొస్తే అబ్రప్ట్ కావాలి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ చాలాకాలం వాడినవాళ్ళను అబ్రప్ట్‌గా ఆపొద్దని హెచ్చరిస్తారు. బయటినుంచి స్టెరాయిడ్ అందుతున్నంతకాలం కిడ్నీల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. మాత్ర ఒక్కరోజులో మానేస్తే అవి వెంటనే పనిలోకి దిగలేవు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఫిట్స్ మందులకూ, మెటోప్రొలాల్ లాంటి గుండె మందులకూ ఇదే హెచ్చరిక. రోగి బాగా ఆలోచించి, నెలముందే తేదీ అనుకుని ఆ రోజు ఆపినా అది అబ్రప్టే. అందులో సడన్ ఏమీ లేదు. డోసు మెట్లుమెట్లుగా తగ్గించకపోవడమే తప్పు. అన్నట్టు, అబ్రప్ట్‌కి వ్యతిరేకపదం గ్రాడ్యుయల్, లాటిన్‌లో ‘గ్రాదుస్’ అంటే మెట్టే.

మొదట్లో వదిలేసిన ముడులు ఇప్పుడు విప్పుకోవచ్చు. కాన్పుకు ముందే మాయ గర్భసంచి గోడ నుంచి ఊడిపోవడాన్ని ప్లాసెంటల్ అబ్రప్షన్ అంటారు. వంద గర్భాల్లో ఒకటి లోపే జరుగుతుంది. బీపీ ఎక్కువున్నవాళ్ళకు ముప్పు ఎక్కువ. చాలాసార్లు అది హఠాత్తుగానే వస్తుంది, రక్తస్రావం, నొప్పితో. కానీ పేరు వచ్చింది హఠాత్తు వల్ల కాదు. వైద్యుల లాటిన్‌లో ‘అబ్రుప్షియో’ అంటే తెగి విడిపోవడం. ఆ విడిపోవడం కొందరిలో కొద్దికొద్దిగా వారాల తరబడి జరుగుతుంది, అదీ క్రానిక్ అబ్రప్షన్. మాటలో వైరుధ్యం లేదు.

చింతాకు సంగతి ఇంకా తేలిక. కరివేపాకు రెమ్మ తీసుకుంటే రెండు వైపులా ఆకులు, చిట్టచివర ఒంటరి ఆకు ఒకటి ఉంటాయి. రెమ్మ ముగిసిందని ఆ ఆకు చెబుతుంది. చింత, తంగేడు రెమ్మలకు ఆ చివరి ఆకు ఉండదు, ఆఖరి జతతో ఆగిపోతుంది. ఎవరో కొస తుంచినట్టుంటుంది కాబట్టి దాన్ని అబ్రప్ట్‌లీ పిన్నేట్ అన్నారు. పిన్నేట్ అంటే ఈకలా రెండు వైపులా ఆకులున్నది. నేలల శాస్త్రంలో పై పొర నుంచి కింది పొరకు మారే మందం అరసెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే అబ్రప్ట్, ఐదు నుంచి పదిహేను దాకా ఉంటే గ్రాడ్యుయల్ అని అమెరికా వ్యవసాయశాఖ పద్ధతి. ఈసీఈ చదివినవాళ్ళకు అబ్రప్ట్ జంక్షన్ గుర్తుండే ఉంటుంది. డయోడ్‌లో పి రకం ఆగి ఎన్ రకం మొదలయ్యే చోట మార్పు గీత గీసినట్టుంటే అబ్రప్ట్, ఏటవాలుగా ఉంటే గ్రేడెడ్. గడియారంతో ఎవరికీ పని పడలేదు.

మనిషి అబ్రప్ట్ అయితే

మనుషుల మీద వాడినప్పుడు ఈ మాటకు ఇంకో రంగు వస్తుంది. ఫలానావాడు కాస్త అబ్రప్ట్ అంటే కోపిష్టి అని కాదు, తిట్టాడనీ కాదు. ముందూ వెనకా లేకుండా మాట్లాడతాడని. తెలుగులో దీనికి ‘పుల్లవిరుపు’ కంటే మంచి మాట లేదు. పుల్లవిరుపుగా మాట్లాడింది, పుల్ల విరిచినట్టు చెప్పేశాడు అంటాం. లాటిన్ వాళ్ళకు కొండ విరిగింది, మనకు పుల్ల విరిగింది. ఎవరి దగ్గర ఎవరూ అప్పు తెచ్చుకోలేదు, మనుషులు మాటతీరును ఒకేలా విన్నారంతే.

తెలుగువాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, ముఖ్యంగా విదేశీ టీములతో పనిచేసేటప్పుడు, అబ్రప్ట్ అనిపించుకోవడం కద్దు. వాళ్ళు ఇంట్లో మర్యాదగా మాట్లాడేవాళ్ళే. దీనికి స్వభావం కంటే వ్యాకరణం ఎక్కువ కారణమని నా అనుమానం. ‘ఆ ఫైల్ పంపండి’ అన్నప్పుడు మర్యాదంతా చివర ‘అండి’లో ఉంది. అది క్రియలోనే కలిసిపోయింది కాబట్టి విడిగా ఇంకేమీ చేర్చక్కర్లేదు. అదే వాక్యాన్ని ‘సెండ్ ద ఫైల్’ అని ఇంగ్లీషులోకి తేగానే అండి రాలిపోతుంది, దాన్ని పెట్టే చోటు అక్కడ లేదు. ఇంగ్లీషు మర్యాద వాక్యం ముందు కూర్చుంటుంది: కుడ్ యూ, వుడ్ యూ మైండ్, వీలైతే. ఆ ముందుమాట లేకుండా నేరుగా క్రియతో మొదలెడితే అవతలివాళ్ళకు వాక్యం విరిగిన అంచుతో మొదలైనట్టుంటుంది. శామ్యూల్ జాన్సన్ చెప్పిన ‘ఉండాల్సిన ముందస్తు ఏర్పాట్లు’ అక్కడ లేవు. మనం పెట్టాం, కానీ వాక్యం రెండో చివర పెట్టాం. ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఆ చివర ఊడిపోయింది.

ఇక తెలుగులోకి తేవడం. మన దగ్గర సరుకు తక్కువేమీ లేదు. సినిమాకు, చదువుకు, ఉద్యోగానికి ‘అర్ధాంతరంగా’ చక్కగా అతుకుతుంది, అందులో సాగుతున్నదాన్ని సగంలో వదిలెయ్యడం ఉంది. కొండకు నిట్టనిలువు ఉంది. చటుక్కున, టక్కున వేగానికి పనికొస్తాయి. ‘హఠాత్తు’ సంస్కృతం హఠాత్, బలవంతంగా అని. హఠయోగంలో ఉన్న హఠమే. ‘ఉన్నట్టుండి’ నాకు ఇష్టమైన మాట. ఉన్నది ఉన్నట్టుగానే ఉండి, అందులోంచి మార్పు రావడం.

పేచీ ఎక్కువగా వచ్చేది ‘ఆకస్మికం’తో. కస్మాత్ అంటే దేనివల్ల అని. అకస్మాత్ అంటే దేనివల్లా కాదు, కారణం లేకుండా. ఆకస్మిక తనిఖీలో ఇది బాగానే ఉంటుంది, అది సడన్‌కి అనువాదం, అధికారి చెప్పకుండా వచ్చాడని. కానీ అబ్రప్ట్ క్లైమేట్ ఛేంజ్‌ని ‘ఆకస్మిక వాతావరణ మార్పు’ అన్నప్పుడు నాకు కాలు జారినట్టుంటుంది. ఆ పదబంధానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న అర్థం వేరు. అమెరికాలో రిచర్డ్ ఆలీ నాయకత్వాన ఒక జాతీయ కమిటీ 2002లో ఇచ్చిన నివేదిక దీన్ని ఇలా నిర్వచించింది: వాతావరణ వ్యవస్థను ఏదో ఒకటి నెడుతూ ఉంటుంది, ఒక హద్దు దాటగానే అది కొత్త స్థితిలోకి పడిపోతుంది, ఆ పడే వేగాన్ని వ్యవస్థే నిర్ణయిస్తుంది, ఆ వేగం నెట్టిన కారణం వేగం కంటే ఎక్కువ. ఎన్నేళ్ళలో జరిగితే అబ్రప్ట్ అని అందులో అంకె లేదు. కారణానికీ ఫలితానికీ మధ్య ఏటవాలు తెగిపోవడమే కొలత.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ యంగర్ డ్రయాస్. డ్రయాస్ అంటే చలిప్రాంతాల్లో పూసే ఒక తెల్లపూల మొక్క, దాని ఆనవాళ్ళు పాత మట్టిపొరల్లో దొరకడంతో ఆ కాలానికి ఆ పేరొచ్చింది. మంచుయుగం ముగుస్తూ భూమి వేడెక్కుతున్న సమయంలో, సుమారు 12,900 ఏళ్ళ కిందట ఉత్తరార్ధగోళం మళ్ళీ చలిలోకి జారింది. వెయ్యేళ్ళకు పైగా అలాగే ఉండి, సుమారు 11,700 ఏళ్ళ కిందట బయటపడింది. బయటపడ్డ తీరే శాస్త్రజ్ఞులకు నిద్ర లేకుండా చేసింది. గ్రీన్‌లాండ్‌లో తవ్వి తీసిన మంచుకడ్డీల లెక్క ప్రకారం అక్కడ సుమారు 10 డిగ్రీల వేడి కొన్ని దశాబ్దాల్లోనే పెరిగింది. సూర్యుడి చుట్టూ భూమి తిరిగే తీరులో వచ్చే మార్పులు వేల ఏళ్ళ మీద నెమ్మదిగా జరిగేవి. నెట్టింది నెమ్మదిగా, పడింది నిలువుగా.

దీన్ని కారణం లేనిది అనే మాటతో పిలుస్తున్నాం. వాడేవాళ్ళెవరూ ఆకస్మికాన్ని విడగొట్టి వినరని నాకు తెలుసు, అలవాటైన మాటను ఇప్పుడు మార్చడమూ జరగదు. అయినా ఆ నివేదిక చెప్పిందంతా కారణం గురించే. చిన్న కారణం, నెమ్మది కారణం, మనం రోజూ చూస్తున్నా లెక్కలోకి తీసుకోని కారణం. వానాకాలంలో మన పేపర్లు రాసే ‘కొండచరియలు విరిగిపడ్డాయి’లో ఆ బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది. నీరు రోజులకొద్దీ ఇంకుతుంది, మట్టి పట్టు వదులుతుంది, ఒక్క క్షణంలో చరియ విరుగుతుంది. రిపోర్టరు లాటిన్ చదివి ఉండనక్కర్లేదు.